చేపలు వదలడం మానేస్తే చేపలు పెరిగాయి!

ఆమధ్య మోంటానా వెళ్ళినప్పుడు మాడిసన్ నది పక్కన ఎన్నిస్ అనే చిన్న ఊళ్ళో ఆగాను. ఊరంతా ఫ్లై ఫిషింగ్ గోలే! ఈకలూ దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగుని నీళ్ళమీదకి విసిరి ట్రౌట్ చేపని పట్టడమన్నమాట.

ఒకప్పుడు ప్రభుత్వమే హేచరీల్లో పెంచిన ట్రౌట్‌ని తెచ్చి ఈ నదిలో వదిలేది. చేపలు పెరుగుతాయనేగా? డిక్ విన్సెంట్ అనే ప్రభుత్వ జీవశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి లెక్కపెడితే తేలింది వేరు. పెంపుడు చేపల్ని వదిలినచోట నదిలో పుట్టినవి తగ్గిపోతున్నాయి! ఆపేద్దామంటే చాలామంది ఒప్పుకోలేదు, బేరాలు పోతాయని భయం. అయినా, ట్రౌట్ వాటంతటవే పెరిగే నదుల్లో వదలడం 1974లో మానేశారు. మాడిసన్‌లో చేపలు పెరిగాయి.

ప్రాజెక్టు లేటయిందని ఇంకో నలుగుర్ని తెచ్చి పడేసే మన మేనేజర్లని ఓసారి ఈ ఒడ్డుకి తీసుకురావాలి.