మనసు అడుగున ఏముంది?

నిన్న చూసిన ముఖాన్ని ఇవాళ గుర్తుపడతాం. ఇందులో వింతేమీ కనిపించదు. కానీ మనసు క్షణక్షణం పుట్టి నశిస్తుందని, దాని వెనక శాశ్వతమైన ఆత్మ లేదని నమ్మే బౌద్ధులకు ఇది పెద్ద చిక్కు. చూసిన క్షణం పోయింది, మరి గుర్తుంచుకున్నది ఎవరు? ఇవాళ్టి కర్మ ఎప్పటికో ఫలించాలంటే అంతవరకు అది ఎక్కడ దాగుతుంది? ధ్యానం మరో చిక్కు తెచ్చిపెట్టింది. నిరోధ సమాపత్తిలో మనోవ్యాపారమంతా ఆగిపోతుందంటారు. అలా ఆగిన మనసు మళ్లీ దేని నుంచి మొదలవుతుంది?

చేతన గురించిన బౌద్ధుల ఆలోచన ఈ ప్రశ్నల మీదే ఎదిగింది. ఏ తలపూ లేని వేళ కూడా లోలోపల సాగే ప్రవాహం ఉందని, అది భవాంగ చిత్తమని థేరవాదులు చెప్పారు. ప్రతి పనీ చిత్తసంతతిలో ఒక బీజాన్ని వదిలిపోతుందన్నారు సౌత్రాంతికులు. పుద్గలుడు, అంటే ఒక వ్యక్తి, ఉన్నాడని ఒప్పుకున్న వాత్సీపుత్రీయులు తోటి బౌద్ధుల ఆగ్రహానికి గురయ్యారు. అన్ని ఎరుకలకూ వేరులాంటి మూలవిజ్ఞానం ఒకటుందని మహాసాంఘికులు వాదించారు.

వీటన్నిటినీ ఒక కొలిక్కి తెచ్చినవారు పురుషపురం, అంటే నేటి పెషావర్‌కు చెందిన అన్నదమ్ములు అసంగుడు, వసుబంధుడు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసుల ద్వారా కలిగే ఆరు విజ్ఞానాలు బుద్ధుడి బోధలో ఉన్నవే. ఈ అన్నదమ్ముల శాఖకు చెందిన యోగాచారులు మరో రెండు చేర్చారు. ఏడోది ‘నేను’ అనే భ్రమను అల్లే క్లిష్ట మనస్సు. ఎనిమిదోది ఆలయ విజ్ఞానం. చేసిన పనీ, తలచిన తలపూ అందులో బీజాలై నిలుస్తాయి. అదను వస్తే మొలకెత్తుతాయి. ఆ మొలకే మళ్లీ కొత్త బీజాలు వేస్తుంది. ఎవరైనా దీన్నే ఆత్మ అనుకుంటారేమోనని కాబోలు, వసుబంధుడు దాన్ని పారే వరదతో పోల్చాడు.

నన్ను పట్టి నిలిపేది ఆ తర్వాతి మాట. సాధన పండితే అడుగున ఉన్న ఆ ఆధారమే మారిపోతుందన్నారు. ఆశ్రయ పరావృత్తి అని దానికి పేరు. కాలం గడిచేకొద్దీ మనుషులందరికీ దానంతటదే వచ్చే మార్పుగా వాళ్లు దీన్ని చూడలేదు. ఒక్కో మనిషీ పూనుకుని తెచ్చుకోవాల్సిందే. చేతనా పరిణామం గురించి ఇంత ధైర్యంగా, ఇంత బాధ్యతగా మాట్లాడిన దర్శనాలు అరుదు.

ఈ శాస్త్రం కోసమే బౌద్ధ భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ చైనా నుంచి వచ్చాడు. నలందలో వృద్ధుడైన శీలభద్రుడి దగ్గర యోగాచారభూమి చదివాడు. తర్వాత తెలుగు నేలకూ వచ్చాడు. వేంగి దగ్గర ఒంటిగుట్ట మీది రాతి స్తూపం గురించి చెబుతూ, దిఙ్నాగుడు హేతువిద్యా (తర్కశాస్త్ర) గ్రంథం రాసింది అక్కడేనని నమోదు చేశాడు. ప్రతి జ్ఞానమూ తనను తాను కూడా ఎరుగుతుందని వాదించినవాడు ఆ దిఙ్నాగుడే. ధాన్యకటకం (నేటి అమరావతి ప్రాంతం) చేరేసరికి ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయి. అయినా అక్కడ కొన్ని నెలలు ఆగాడు. ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకుని, వాళ్లకు మహాయాన శాస్త్రాలు చెప్పాడు. అమరావతి శిల్పాల గురించి రాసినంతగా ఈ చదువు గురించి మనవాళ్లు రాయలేదు. అది నాకు బాధగానే ఉంటుంది.

645లో 657 గ్రంథాలతో అతను చాంగాన్ చేరాడు. 659లో వసుబంధుడి 30 కారికల మీది భారతీయ వ్యాఖ్యానాలను కలిపి చైనీస్‌లో ఒకే గ్రంథంగా కూర్చాడు. దాని మీద నిలిచిన హొస్సో శాఖ జపాన్‌లో నారా నగరపు కోఫుకుజి, యకుషిజి ఆలయాల్లో ఇప్పటికీ సాగుతోంది.