వెనక సీటు చరిత్ర

మోటారు సైకిళ్ల చరిత్ర పుస్తకాల్లో ఇంజన్ల గురించి వుంటుంది, పందేల గురించి వుంటుంది, పందేలు గెలిచిన మగవాళ్ల గురించి వుంటుంది. వెనక సీటు గురించి వుండదు. అక్కడ ఎవరు కూర్చున్నారు, కాళ్లు ఎటు వేసి కూర్చున్నారు, దేన్ని పట్టుకున్నారు అన్నవి చరిత్రగా ఎవరికీ తోచలేదు. చిత్రంగా మన దేశంలో చట్టానికి తోచింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చున్న మనిషికి పట్టుకోడానికి పిడి వుండాలి, కాళ్లు పెట్టుకోడానికి ఫుట్‌రెస్ట్ వుండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే అడ్డు వుండాలి. అందులో చీర అన్న మాట లేదు, స్త్రీ అన్న మాట లేదు. కానీ ఆ అడ్డుని మెకానిక్కు దగ్గర్నుంచి షోరూము దాకా అందరూ పిలిచే పేరు శారీగార్డు. వెనక సీటు ఎవరిదో ఆ పేరే చెప్పేసింది. ఇదే దేశ రాజధానిలో 2014 దాకా వెనక కూర్చున్న ఆడవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి కాదు. చీర చిక్కుకోకూడదు గానీ తల సంగతి తర్వాత చూసుకోవచ్చన్నమాట.

నేను ఆ సీటు మీదే పెరిగాను. నాన్న స్కూటరు, అన్నయ్య మోపెడు, పెళ్లయ్యాక ఈయన బజాజ్. ఒకపక్కకి కూర్చుని ఒడిలో కూరల సంచీ, చేతిలో పిల్ల, పైట నోట్లో పట్టుకుని. ఆ భంగిమలో గతుకుల రోడ్డు మీద పడిపోకుండా వుండటానికి ఎంత నైపుణ్యం కావాలో నడిపేవాళ్లకి ఎప్పటికీ తెలియదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2018 ఆగస్టులో మేమిద్దరం మినియాపొలిస్ నుంచి సౌత్ డకోటాలోని స్టర్జిస్‌కి మోటారు సైకిల్ మీద వెళ్లాం. స్టర్జిస్ ఓ ఏడువేల జనాభా వున్న చిన్న వూరు. ఏటా ఆగస్టు మొదట్లో పదిరోజులు అక్కడ మోటారు సైకిళ్ల జాతర. 2015లో, 75వ జాతరకి, ఏడు లక్షలమందికి పైగా వచ్చారని లెక్క వేశారు. మన మేడారమే గుర్తొచ్చింది నాకు, దేవతలు లేరంతే.

600 మైళ్ల పైచిలుకు దూరం. ఇంటర్‌స్టేట్ 90 ఎక్కాక పడమరకి ఒకటే దారి. మన పత్రికల్లో భర్త అనకుండా సహచరుడు అని రాస్తాం కదా, ఆ మాట నాకెప్పుడూ కాస్త కృతకంగా వినిపించేది. రోడ్డు మీద మాత్రం అక్షరాలా సరిపోయింది. అయితే బండి కాయితాలు సహచరుడి పేరు మీద వున్నాయి. లైసెన్సు ఇద్దరికీ వుంది. నేను శిక్షణకి వెళ్లి లైసెన్సు తెచ్చుకుని అప్పటికి రెండేళ్లు. బయల్దేరే ముందురోజు రాత్రి, “మధ్యలో నేను నడుపుతాను” అన్నాను. “చూద్దాంలే” అన్నాడు. మన ఇళ్లలో ఈ “చూద్దాంలే” ఎన్ని కోరికల్ని చడీచప్పుడు లేకుండా పూడ్చిపెట్టిందో మీకు చెప్పక్కర్లేదు. “చూడ్డం కాదు, మిసోరీ నది దాటాక బండి నాది” అన్నాను. కాసేపు ఊరుకుని సరే అన్నాడు. ఆ రాత్రి ఇద్దరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

చాంబర్లిన్ దగ్గర నది దాటాం. అక్కడ్నుంచి వాల్ అనే వూరిదాకా 150 మైళ్లు నేనే నడిపాను. కనుచూపు మేర గడ్డి, పక్కనుంచి తోసే గాలి, లారీ దాటినప్పుడల్లా బండి అటూ ఇటూ ఊగడం. భయం వేసింది, సంతోషమూ వేసింది. పెట్రోలు కోసం ఆగినచోట తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన మా దగ్గరికొచ్చి నన్ను దాటి అతనితో, “ఆవిడని నడపనిస్తున్నావే, నువ్వు గొప్పవాడివి” అన్నాడు. మావాడు నవ్వాడు. అంతే, నవ్వాడు. తర్వాత 40 మైళ్లు మా మధ్య మాటల్లేవు. హెల్మెట్ల వల్ల కూడా అనుకోండి.

వాల్ గురించి ఒక సంగతి చెప్పాలి. 1931లో టెడ్ హస్టెడ్, డరోతీ హస్టెడ్ దంపతులు ఆ మూల వూళ్లో మందుల షాపు కొన్నారు. కరువు, దుమ్ము, ఆర్థికమాంద్యం. కార్లు ఆగకుండా పోతున్నాయి. 1936 వేసవిలో డరోతీకి ఆలోచన వచ్చింది. ఎండలో ఎడారిలాంటి మైదానం దాటి వచ్చేవాళ్లకి ఏం కావాలి? చల్లటి నీళ్లు. ఐసు నీళ్లు ఉచితమని రోడ్డు పక్కన బోర్డులు పెట్టించింది. జనం ఆగడం మొదలుపెట్టారు. ఇప్పుడా దుకాణం వూరంత వుంది, దాని బోర్డులు వందల మైళ్ల ముందునుంచే కనిపిస్తాయి. ఆ ఆలోచన తన భార్యదేనని టెడ్ స్వయంగా చెప్పుకున్నాడు. భర్త చెప్పబట్టి మనకి తెలిసింది. చెప్పని భర్తల సంగతేమిటన్నది నాకు దారంతా తొలిచింది.

స్టర్జిస్ జాతర మొదలుపెట్టింది కూడా ఒక జంట ఇంట్లోనే. క్లారెన్స్ హోయెల్ ఆ వూళ్లో ఇండియన్ కంపెనీ మోటారు సైకిళ్లు అమ్మేవాడు. అందరూ పాపీ అనేవారు. 1936లో జాక్‌పైన్ జిప్సీస్ అనే క్లబ్బు పెట్టాడు, 1938 ఆగస్టులో మొదటి పందెం నడిపించాడు. పాల్గొన్నది తొమ్మిదిమంది. వచ్చినవాళ్లు హోయెల్ పెరట్లో గుడారాలు వేసుకున్నారు. వాళ్లకి వండిపెట్టింది భార్య పెర్ల్. యుద్ధకాలంలో పెట్రోలు రేషను వల్ల ఆగింది తప్ప జాతర ఏటా జరుగుతూనే వుంది. చరిత్ర రాసిన ప్రతివాళ్లూ పాపీని వ్యవస్థాపకుడు అంటారు. పెర్ల్ పేరు వచ్చేసరికి తిండి ప్రస్తావన వస్తుంది, ఆప్యాయంగానే వస్తుంది. పదిమందికి అన్నం పెట్టడమంటే సంస్థని నిలబెట్టడమేనని మన పెళ్లిళ్లు, ఉద్యమాలు, పార్టీ ఆఫీసులు చూసినవాళ్లెవరికైనా తెలుసు.

ఇప్పటి స్టర్జిస్ మెయిన్ స్ట్రీట్‌లో రోడ్డుకి రెండువైపులా, మధ్యలో కూడా, వరసలు వరసలుగా బళ్లు. చొక్కాలమ్మే దుకాణాల్లో ఒక చొక్కా ప్రతిచోటా వేలాడుతోంది. వీపు మీద అక్షరాలు. నువ్విది చదవగలుగుతున్నావంటే నా వెనక కూర్చున్నది పడిపోయిందన్నమాట, అని దాని సారాంశం. “కూర్చున్నది” అన్నచోట వాళ్లు వాడింది ఆడకుక్క అనే తిట్టు. వెనక సీటుకి వాళ్ల యాసలో వున్న పేరు కూడా అదే, ఆడకుక్క సీటు. ఆ చొక్కాని నవ్వుతూ కొంటున్న ఆడవాళ్లని కూడా చూశాను. వాళ్లని తప్పుపట్టాలని లేదు. మన సినిమాహాళ్లలో మన మీద వేసిన జోకులకి మనం నవ్వలేదా?

కానీ మొదట్నుంచీ ఇలా లేదు. నాకు బాగా ఆశ్చర్యం కలిగించింది ఇదే. 1915లో బ్రూక్లిన్ నుంచి ఎఫీ హాచ్‌కిస్ అనే అమ్మాయి తల్లి ఏవిస్‌ని సైడ్‌కార్‌లో కూర్చోబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లి తిరిగొచ్చింది. అప్పటికి సరైన రోడ్లే లేవు. మర్నాటి ఏడు, 1916 జులై 4న, అగస్టా, అడెలైన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్లు చెరో ఇండియన్ బండి మీద బ్రూక్లిన్‌లోనే బయల్దేరారు. రెండు నెలలు, 5,500 మైళ్లు. పైక్స్ పీక్ శిఖరం మీదికి మోటారు బండెక్కి వెళ్లిన మొదటి ఆడవాళ్లు వాళ్లే. దారిలో వూళ్లలో పోలీసులు పట్టుకున్నారు. వేగానికి కాదు, ప్యాంట్లు వేసుకున్నందుకు. యుద్ధంలో సందేశాలు మోసే పని ఆడవాళ్లు చేయగలరని రుజువు చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. డెన్వర్ పత్రిక ఒకటి మాత్రం ఇంటి బాధ్యతలనుంచి తప్పించుకోడానికి దేశరక్షణ పేరు వాడుకుంటున్నారని రాసింది. అడెలైన్ పెట్టుకున్న దరఖాస్తుని సైన్యం తోసిపుచ్చింది. ఆమె తర్వాత లా చదివింది. అక్క విమానం నడపడం నేర్చుకుంది.

జంటల్లో నాకు నచ్చిన జంట డాట్ రాబిన్‌సన్, ఎర్ల్ రాబిన్‌సన్. డాట్ 1912లో ఆస్ట్రేలియాలో పుట్టింది. తండ్రి సైడ్‌కార్లు తయారుచేసేవాడు. నొప్పులు పడుతున్న తల్లిని ఆయన సైడ్‌కార్‌లోనే ఆస్పత్రికి తీసుకెళ్లాడని చెప్పుకుంటారు. కుటుంబం మిషిగన్‌కి వలస వచ్చింది. 1935లో డాట్, ఎర్ల్ సైడ్‌కార్ బండి మీద లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్‌కి 89 గంటల 58 నిమిషాల్లో చేరి రికార్డు నెలకొల్పారు. 1940లో మిషిగన్ అడవుల్లో జరిగే జాక్‌పైన్ పందెంలో సైడ్‌కార్ విభాగం డాట్ గెలిచింది. లిండా డుజో అనే ఆవిడ దేశమంతా డీలర్లకి ఉత్తరాలు రాసి, మీ వూళ్లో బండి నడిపే ఆడవాళ్లున్నారా అని ఆరా తీస్తూ పేర్లు పోగుచేసింది. ఇద్దరూ కలిసి 51 మందితో మోటార్ మెయిడ్స్ అనే సంఘం పెట్టారు, 1941లో గుర్తింపు వచ్చింది. సభ్యత్వానికి షరతు, బండి తనదో ఇంట్లోవాళ్లదో అయివుండాలి, నడిపేది తనే అయివుండాలి. వెనక సీటుకి సభ్యత్వం లేదు! ఊరేగింపుల్లో తెల్ల గ్లవుజులు వేసుకునేవారు. డాట్ బండి గులాబీరంగు. బండి నడిపితే ఆడతనం పోతుందని దెప్పేవాళ్లకి జవాబు కావచ్చు, రాజీ కావచ్చు. నాకు రెండూ కనిపిస్తాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పూలు పెట్టుకుని వెళ్లినప్పుడు కూడా రెండూ వున్నాయి.

తెల్ల గ్లవుజుల వెసులుబాటు అందరికీ లేదు. నల్లజాతి స్త్రీ బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ 1930ల్లో ఒంటరిగా దేశమంతా తిరిగింది. హోటళ్లు గది ఇవ్వకపోతే పెట్రోలు బంకు దగ్గర బండి మీదే, హ్యాండిలు మీద తలపెట్టుకుని పడుకునేదాన్నని చెప్పింది. జమైకాలో పుట్టానని చెప్పుకుంది, నార్త్ కరోలినాలోనే పుట్టిందని ఆమె పోయాక బంధువులు చెప్పారు. తన పుట్టుక కథ తనే రాసుకున్న మనిషి. ఆరుసార్లు పెళ్లి చేసుకుంది. మూడో భర్త, నువ్వు పేరు తెస్తావు గనక నా ఇంటిపేరు వుంచుకోమన్నాడట. 1993లో చనిపోయింది. మోటారు సైకిళ్ల జాతీయ సంఘం తన గౌరవ జాబితాలో ఆమెని చేర్చుకుంది 2002లో.

మరి ఇంతమంది ఏమైపోయారు? 1947 జులైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్‌లో ఒక జాతర అల్లరిగా మారింది, లైఫ్ పత్రిక సీసాల మధ్య బండి మీద కూర్చున్న తాగుబోతు ఫొటో వేసింది. దాని నుంచి పుట్టిన కథతో 1953లో బ్రాండో సినిమా వచ్చింది. తోలుకోటు మగవాడు, అతని వెనక ఎక్కి నడుము పట్టుకున్న హోటలు పిల్ల. చరిత్రలో వున్న ఎఫీలు, డాట్‌లు, బెస్సీలు ఆ ఒక్క బొమ్మ వెనక కనపడకుండా పోయారు. బండి నడిపే ఆడవాళ్లు ఎప్పుడూ ఆగలేదు. 2018లో అమెరికా మోటారు సైకిల్ పరిశ్రమ సర్వేలో సొంతదారుల్లో 19 శాతం స్త్రీలని తేలింది, 2009లో పది శాతానికి లోపే. స్టర్జిస్ వీధుల్లో అరవై దాటిన ఆడవాళ్లు, మోకాళ్లకి పట్టీలు కట్టుకుని మరీ, ఒంటరిగా వచ్చినవాళ్లని కూడా చూశాను.

మర్నాడు పొద్దున వూరికి ఈశాన్యాన వున్న బేర్ బ్యూట్ కొండ చూడ్డానికి వెళ్లాం. లకోటాలు దాన్ని మాటో పాహా అంటారు. వాళ్లకీ షయాన్‌లకీ పవిత్రస్థలం. చెట్లకి ప్రార్థన గుడ్డలు కట్టివున్నాయి, మన దర్గాల దగ్గర కట్టినట్టు. 1868 ఒప్పందంలో ఈ నేలంతా లకోటాలదని రాసిచ్చి, 1874లో బంగారం కనపడగానే వెనక్కి లాక్కోడం మొదలుపెట్టి, 1877లో చట్టం చేసేశారు. 1980లో సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వమంటే, మాకు డబ్బు కాదు నేల కావాలని వాళ్లు ముట్టుకోలేదు. 2006లో కొండ దగ్గర జాతర కోసం పెద్ద బారు కడుతుంటే మూలవాసులు గుడారాలు వేసుకుని నిరసన తెలిపారు. పైన నిలబడితే కింద బళ్ల హోరు ఆగకుండా వినిపిస్తూనే వుంది. అందులో మా బండిదీ వుంది. పాపీ అమ్మినవి ఇండియన్ బళ్లు, నేల పోగొట్టుకున్నవాళ్లని పిలిచింది ఇండియన్లని, ఇండియా నుంచి వచ్చింది మేము. ఈ రోడ్డు మీద నా స్వేచ్ఛ గురించి రాసుకునేటప్పుడు ఆ కొండని వదిలేసి రాయలేను.

దిగాక తాళంచెవి అతనే నా చేతికిచ్చాడు. స్టర్జిస్ నుంచి చాంబర్లిన్ దాకా 230 మైళ్లు నేనే నడిపాను. వాల్‌లో ఐసు నీళ్లు తాగుతూ ఫిర్యాదులు మొదలుపెట్టాడు. నీ హెల్మెట్ తప్ప రోడ్డు కనపడటం లేదు, ఎప్పుడు బ్రేకు వేస్తావో తెలియటం లేదు, చేతులెక్కడ పెట్టుకోవాలో అర్థం కావటం లేదు అని. “పక్కన పిడి వుంటుంది, పట్టుకో” అన్నాను. వెతుక్కున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆ బండి అతనిదే, అక్కడ పిడి వుందని ఆ రోజే చూశాడు.