చివర రావాలన్నా...

దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌ల మధ్య సుమారు 90 కిలోమీటర్ల పరుగు: కామ్రేడ్స్ మారథాన్. గడువు ముగియగానే ఒకాయన, వచ్చేవాళ్ళకి వీపు తిప్పి నిలబడి, తుపాకీ పేలుస్తాడు. చూస్తే జాలిపడి చెయ్యి ఆగుతుందేమో మరి! ఆ మోతకి ముందు గీత దాటిన ఆఖరి మనిషికి పతకం దక్కుతుంది. తర్వాతి మనిషికి ఏమీ ఉండదు.

1921లో తొలి పోటీకి 34 మంది బయల్దేరితే 16 మందే చేరారు. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ ఆడమనిషని ఎంట్రీ ఇవ్వలేదు. అయినా పరుగెత్తి, 11 గంటల 35 నిమిషాల్లో పూర్తిచేసింది. 1935లో నల్లజాతీయుడు రాబర్ట్ మ్చాలి కూడా అంతే, 9 గంటల 30 నిమిషాల్లో. ఇద్దరూ గడువులోపే వచ్చారు, అధికారిక ఫలితాల్లోకి మాత్రం ఎక్కలేదు. స్త్రీలకీ నల్లజాతీయులకీ తలుపు తెరిచింది 1975లోనే.

చివరి స్థానాన్ని చూసి నవ్వుతాం గానీ, అదీ ఒక స్థానమే. చివర రావాలన్నా ముందు లెక్కలో ఉండాలి కదా.