మిషన్ బడి రిజిస్టర్‌లో మన కులం

నెక్కొండ అంటే చాలామందికి కాజీపేట–బెజవాడ దారిలో ఒక రైల్వే స్టేషన్. గుళ్ల చరిత్ర, గడీల చరిత్ర రాసినోళ్లకు ఇక్కడి మాల, మాదిగ పిల్లలు పలక పట్టిన మిషన్ బడి కనబడలేదు.

1952లో హైదరాబాద్ నుంచి వరంగల్ మేత్రాసనం వేరుపడింది. మొదటి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా, ఇటలీ నుంచి వచ్చిన పిమె సంఘం ఫాదర్. వెట్టి చేసిన ఇండ్లకు బడి అంటే అక్షరమొక్కటే కాదు, దొర పశువుల కాడికి పోకుండా పిల్లగానికి దొరికిన పగటిపూట. 'అన్నం కోసం మతం మారిండ్రు' అని మనల్ని ఎత్తిపొడిచేవాళ్లు, కాన్వెంట్లకు పిల్లల్ని పంపే దొరల్ని ఆ మాట అడగరు.

అయితే చదువు ఇచ్చిన చోటే ఇంకొకటి పోయింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లను బీసీ-సిలో పెట్టి 1 శాతం ఇచ్చింది. మతం మారినా వాడ మారలేదు, బావి కాడ మాట మారలేదు. సర్టిఫికెట్ మాత్రం మారింది. అందుకే మనలో ఎందరికో గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు.

చర్చి లోపలా కులం పోలేదు. ఒక దళితుడు, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ, కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది.

రెండు పేర్లు మోసినోళ్లది మోసం కాదు, బతుకు. పాత రిజిస్టర్లు చెదలు పట్టకముందే, ఆ బడిలో చదివిన ముసలోళ్లు ఉండగానే, ఈ చరిత్రను మనమే రాసుకోవాలని మేం అంటున్నాం.