తోలుకు పదును, వార్నిష్‌కు గండం

ఖతార్‌లోని అల్ ఖోర్ ఒకప్పుడు ముత్యాల వేటగాళ్ళ ఊరు. సముద్రం అడుగున ఆల్చిప్పల అంచులు కోసుకోకుండా వాళ్ళు వేళ్ళకు తోలు తొడుగులు వేసుకునేవారు. ఎక్కిన పడవలకు టేకు మన మలబారు తీరం నుంచి వెళ్ళేది, పైన చేపనూనె పూత. అలాంటి చెక్క మీద తడి తోలు పారేసినా చెడేదేమీ లేదు. ఇప్పుడు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే తెలుగువాళ్ళు అదే ఊళ్ళో కాపురాలుంటున్నారు. వాళ్ళ పిల్లలు నేర్చుకునే వయొలిన్ మీదో గిటార్ మీదో ఉండే వార్నిష్ సుమారు వెంట్రుకంత మందం. తోలు పట్టీ ఆనిన చోట మరక పడితే అందరూ తిట్టేది తోలు పదును చేసిన రసాయనాన్నే. ఆ రసాయనాల పుట్టుక తెలిస్తే తిట్టు ఎవరికి చెందాలో తేలుతుంది.

పచ్చితోలు కుళ్ళకుండా నిలిపింది మొదట వగరు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు రాల్చిన తోలును చెట్ల బెరడు ఊరిన నీళ్ళలో వారాలు, నెలలు ఉంచేవారు. మన వైపు ఆ బెరడు తంగేడుది. బతుకమ్మకు పువ్విచ్చే చెట్టే మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కిన తోళ్ళకూ పదునిచ్చింది. కరక్కాయ, తుమ్మచెక్క కూడా ఆ పనికొచ్చేవే. ఈ వగరుకు ఇనుము తగిలితే నల్లబడుతుంది. కలంకారీ పనివాళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము ఊరిన కసిమి నీళ్ళతో నల్లగీత తీసేది ఈ గుణంతోనే. బెరడుతో పదునైన పట్టీకి ఇనుప బకిల్ ఉండి, చెమట తోడై, వార్నిష్ ఎక్కడైనా చిట్లి ఉంటే చెక్క మీద కూడా అదే నలుపు దిగుతుంది. వార్నిష్ చెక్కుచెదరకుండా ఉంటే ఆ భయం తక్కువ.

రెండో అంకం క్రోమియం. 1858లో జర్మన్ రసాయనవేత్త ఫ్రీడ్రిక్ నాప్ దీనితో తోలు పదును చేయడాన్ని వివరించాడు. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్, 1893లో మార్టిన్ డెన్నిస్ పేటెంట్లు పొందాక వ్యాపారం ఊపందుకుంది. నెలల పని గంటల్లోకి దిగింది. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1900ల తొలి ఏళ్ళలోనే ప్రయోగాలు చేశాడు. 1948లో అక్కడే కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ వెలిసింది. దాన్ని ప్రపంచ పటం మీద నిలిపింది తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలు పని పేరెత్తితే ముక్కు మూసుకునే సమాజంలో ఆయన దాన్నే శాస్త్రంగా ఎంచుకోవడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

క్రోమియం తోలు పీచుకు గట్టిగా అతుక్కుంటుంది, వార్నిష్ మీదికి దూకదు. అందులో ప్రమాదకరమైన షట్సంయోజక రూపం మనిషి చర్మానికి గండం. అందుకే ఐరోపా సమాఖ్య 2015 నుంచి చర్మానికి తగిలే తోలులో కిలోకు 3 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. వార్నిష్ దగ్గర అసలు దొంగలు వేరే ఉన్నారు: పదును అయ్యాక తోలు మెత్తదనానికి పట్టించే నూనెలు, సరిగా నిలవని రంగులు. వేడికి అవి బయటికి ఊరతాయి. వాటికన్నా ఘోరం తోలు పేరుతో అమ్మే పీవీసీ రెక్సిన్. దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ పాత గిటార్ల నైట్రోసెల్యులోజ్ లాకర్‌లోకి పాకి దాన్ని జిగురు చేస్తుంది.

దీనికి ఖోర్ వాతావరణం తోడవుతుంది. వేసవిలో బయట సముద్రపు ఉక్క, లోపల ఏసీ. ఎండలో నిలిపిన కారులోనైతే లక్క పాలిష్ మెత్తబడేంత వేడి పుడుతుంది. మెత్తబడ్డ పూత మీద పట్టీ ఒత్తుకుంటే దాని గరుకు అచ్చుపడుతుంది. వాయించడం అయ్యాక పట్టీ విప్పి పక్కన పెట్టడం, పెట్టెలో ఉంచితే మధ్యన రంగు వెలవని నూలుగుడ్డ వేయడం చాలు. మరక పడితే మాత్రం స్పిరిట్ ముట్టించకండి. లక్కను స్పిరిట్‌లో కరిగించే ఆ పాలిష్ చేస్తారు, మళ్ళీ తగిలితే మళ్ళీ కరుగుతుంది.