విషవాయువు, ఛాయాచిత్రము, సాక్ష్యము

విశాఖపట్నము నగరములో గోపాలపట్నమునకు చేరువగా ఆర్. ఆర్. వెంకటాపురము అను ఊరు కలదు. అచ్చట 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అను పేరుతో ఒక కర్మాగారము వెలసినది. 1997లో అది కొరియా దేశపు ఎల్‌జీ సంస్థ చేతిలోనికి వచ్చినది. 2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున, సుమారు మూడు గంటల వేళ, అందలి ఒక ట్యాంకు నుండి స్టైరీను ఆవిరి వెలువడి ఊరిమీద పరచుకొన్నది. ఈ ఆవిరి గాలికంటె సుమారు మూడున్నర రెట్లు బరువైనది. పైకి పోక నేలను అంటిపెట్టుకొని వ్యాపించును. నిద్ర లేచి పరుగెత్తినవారు వీధులలోనే కూలిపోయినారు. 12 మంది మరణించినారు. వందలమంది ఆసుపత్రులలో చేరినారు.

తెల్లవారుసరికి ఆ దృశ్యములు దేశమంతట కనిపించినవి. పత్రికల ఛాయాగ్రాహకులు తీసినవి కొన్ని, సామాన్యులు సెల్‌ఫోనులతో తీసినవి మరికొన్ని. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునలు, ఎవరి ఫిర్యాదు కొరకును వేచియుండక, వార్తలనే ఆధారముగా తీసికొని విచారణకు పూనుకొన్నది. కంపెనీ 50 కోట్ల రూపాయలు జమ చేయవలెనని ఆదేశించినది.

1984 డిసెంబరులో భోపాలునందు ఇంత వేగము లేదు. మిథైల్ ఐసోసయనేటు వాయువు వేలమందిని చంపిన తరువాత అక్కడకు చేరిన రఘు రాయ్, పాబ్లో బార్తొలోమ్యూ అను ఛాయాగ్రాహకులు ఇరువురును పేరు తెలియని ఒక పసిబిడ్డను మట్టిలో పూడ్చుచున్న దృశ్యమును తీసినారు. బార్తొలోమ్యూ చిత్రమునకు ఆ యేటి ప్రపంచ పత్రికా ఛాయాచిత్ర బహుమానము లభించినది. భోపాలు అనగానే నేటికిని పలువురికి ఆ బిడ్డ ముఖమే గుర్తుకు వచ్చును. రఘు రాయ్ తరువాతి కాలమున మరల అచ్చటికి వెళ్లి, బ్రతికి బాధపడుచున్నవారిని చిత్రించినాడు. బహుమానములు అరుదుగా వచ్చెడి పని అది, అవసరమైనదియు అదియే.

ఒక్క రాత్రిలో జరిగిన అపాయమును ఒక చిత్రము చూపగలదు. ఏండ్ల తరబడి సాగు నష్టమును చూపుట ఎట్లు? జహీరాబాదు సమీపమునగల పస్తాపూరు స్త్రీలు దీనికి ఒక మార్గము చూపినారు. వారు దళిత రైతు కూలీలు. పెక్కుమంది బడి ముఖమెరుగరు. దక్కను డెవలప్‌మెంటు సొసైటీ ప్రోత్సాహముతో వీడియో కెమెరా పట్టుట నేర్చినారు. 2002లో బీటీ పత్తికి దేశములో అనుమతి వచ్చినప్పుడు, వరంగల్లు జిల్లా పల్లెలకు మరల మరల పోయి, రైతులు చెప్పినదానిని, చేలలో కనిపించినదానిని మూడు సంవత్సరములు చిత్రించినారు. బీటీ జన్యువు కాయతొలుచు పురుగును చంపును గాని రసము పీల్చు పురుగులను చంపదు. నీరు లేనిచోట దిగుబడిని పెంచజాలదు. వారి చిత్రము 2005లో వెలువడినది. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వపు అనుమతుల సంఘము మెక్-12, మెక్-162, మెక్-184 అను మూడు రకములకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించలేదు. ఆ స్త్రీలు ఒక పక్షము వహించినవారే. బీటీ పత్తి సాగు ఆ తరువాత విస్తరించిన మాటయు నిజమే. అయినను ఒకే చేనిని విత్తు నుండి కోత వరకు చూచుట అనునది ప్రయోగశాలలో నేర్పు పద్ధతికి దూరమైనది కాదు.

వెంకటాపురములో అట్టి దీర్ఘమైన చూపు ట్యాంకునకే లోపించినది. స్టైరీను అణువులు ఒకదానితో ఒకటి గొలుసువలె కలియునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి కలయికను ఇంకను త్వరపెట్టును. దీనిని ఆపుటకు నిరోధక ద్రవ్యమును కలిపి, ద్రవమును చల్లగా ఉంచవలెను. లాక్‌డౌను కాలమున కర్మాగారము మూతబడియుండగా ద్రవము ట్యాంకులో నిలిచిపోయినది. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము 2020 జూలైలో ఇచ్చిన నివేదిక ప్రకారము, ఉష్ణమాపకము ట్యాంకు అడుగున మాత్రమే ఉండెను. పైపొరలు కాగుచున్న సంగతి దానికి అందలేదు. శీతలీకరణ యంత్రమును సాయంకాలము 5 గంటలకే ఆపివేయుచుండిరి. నిరోధక ద్రవ్యము చాలినంత లేకుండెను.

సైరను మోగించుటకు కర్మాగారములో 36 చోట్ల ఏర్పాటు ఉండెను. ఆ తెల్లవారుజామున ఒక్కటియు మోగలేదు.