శారీ గార్డ్ చెప్పే చరిత్ర

మన దేశంలో అమ్మే మోటార్ సైకిల్‌ని ఎడమ పక్కనుంచి ఒకసారి చూడండి. వెనక చక్రానికి అడ్డంగా ఒక ఇనప చట్రం ఉంటుంది. షోరూం వాళ్ళూ మెకానిక్కులూ దాన్ని శారీ గార్డ్ అంటారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం అది ఉండి తీరాలి. వెనక కూర్చున్న మనిషి బట్టలు చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పాలి. పట్టుకోవడానికి పిడి, కాళ్ళు ఆనించుకోవడానికి ఫుట్‌రెస్టు కూడా అదే నిబంధనలో ఉన్నాయి. అందులో స్త్రీ అన్న మాట లేదు. చీర అన్న మాటా లేదు. చీర పేరు పెట్టింది బజారు.

కొంగు చక్రంలో పడి ప్రాణాలు పోయిన వార్త చదవని వాళ్ళు మనలో ఉండరు. కాబట్టి ఆ చట్రం అక్కర్లేదని నేననను. (చీరకి ఇంత భద్రత ఇచ్చిన దేశంలోనే ఢిల్లీ స్త్రీలకి 2014 దాకా హెల్మెట్ నుంచి మినహాయింపు ఉండేదన్నది వేరే సంగతి.) నా ప్రశ్న ఇది: బండి ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చేనాటికే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది దాని మీద రాసిపెట్టి ఉంటే, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి తన మొదటి మోటార్ సైకిల్ ఎంచుకోవడానికి వెళ్ళేసరికి ఎంచుకోవడానికంటూ ఎంత మిగులుతుంది?

బండికీ స్త్రీ బట్టకీ తగాదా పాతది. పందొమ్మిదో శతాబ్దం చివర యూరప్‌లో సైకిల్ వచ్చినప్పుడు లంగాలు అడ్డొస్తున్నాయని మధ్య కడ్డీని కిందికి వంచి 'లేడీస్ సైకిల్' చేశారు. బట్ట మార్చుకోనివ్వడం కంటే ఇనుము వంచడమే వాళ్ళకి తేలికయింది. బట్ట మార్చుకున్న వాళ్ళకి ఏమైందో 1916లో అమెరికాలో తెలిసింది. అగస్టా, అడలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు చెరొక మోటార్ సైకిల్ మీద తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి వెళ్ళారు. యుద్ధంలో సైన్యానికి వార్తలు మోసే పని ఆడవాళ్ళూ చెయ్యగలరని చూపించడం వాళ్ళ ఉద్దేశం. దారిలో పోలీసులు వాళ్ళని ఆపింది బండి నడిపినందుకు కాదు, మగవాళ్ళలా పంట్లాం తొడుక్కున్నందుకు. ప్రయాణం పూర్తి చేసినా సైన్యం వాళ్ళని తీసుకోలేదు.

ఆ వంచిన కడ్డీయే తర్వాత స్కూటర్ అయింది. 1946లో ఇటలీలో పియాజియో కంపెనీకి వెస్పాని రూపొందించిన కొరాడీనో దస్కానియో విమానాల ఇంజనీరు. మోటార్ సైకిళ్ళంటే అతనికి గిట్టదు. కాలెత్తి అవతలికి వెయ్యకుండా ఎక్కేలా, ఇంజను కప్పేసి బట్టలకి నూనె మరక అంటకుండా చేశాడు. అంటే లంగా వేసుకున్న మనిషిని కూడా ముందు సీట్లో ఊహించి చేసిన బండి అది. మనకి వచ్చేసరికి కథ తిరగబడింది. అదే వంశానికి చెందిన బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. అది ఇంటి యజమాని వాహనం. గేర్లు ఎడమ చేతి పిడిని తిప్పి మార్చాలి, స్టార్ట్ చెయ్యాలంటే కిక్ కొట్టాలి. పేరు నమోదు చేసుకుంటే ఏళ్ళ తరబడి ఎదురుచూపులు. పిల్లాడు ముందు నిలబడి, భార్య వెనక ఒక పక్కకి తిరిగి, ఒళ్ళో పసిపిల్ల. ఈ బొమ్మ మనకి ఎంత అలవాటయిందంటే, అదే బండిని ఒక దేశం ఆడవాళ్ళు కూడా నడుపుతారనుకుని చేసిందంటే నమ్మబుద్ధి కాదు.

ఇక్కడే ఆగి ఒక మాట చెప్పాలి. ఆ బండి చాలా ఇళ్ళలోకి కట్నంగా వచ్చింది. 1961లోనే కట్న నిషేధ చట్టం వచ్చినా, సంబంధాలు మాట్లాడుకునే చోట నగదు, బంగారం తర్వాత 'అబ్బాయికి బండి' అన్న మాట మన అమ్మల తరానికీ తెలుసు, మన తరానికీ తెలుసు. పుట్టింటి వాళ్ళు అప్పుచేసి కొన్న బండి. పెళ్ళికూతురి పేరు చెప్పి కొన్న బండి. తాళంచెవి మాత్రం ఆయన జేబులో. ఆమె దాని మీద కూర్చునే చోటుకి శారీ గార్డ్ ఉంది. స్త్రీల ఆస్తి హక్కు గురించి మనం పొలాల లెక్కన చాలా రాశాం. ఈ రెండు చక్రాల ఆస్తి గురించి ఎవరయినా రాస్తే చదవాలని ఉంది.

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి వాక్యంలో కర్త ఎవరో వెతకడం నాకు అలవాటు. మన తెలుగులో బండి చుట్టూ ఉన్న క్రియలు చూడండి. ఎక్కించుకోవడం, దింపడం, తీసుకెళ్ళడం, తీసుకురావడం. 'ఆయన నన్ను ఆఫీసు దగ్గర దింపుతారు.' 'తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు.' ఈ వాక్యాలన్నిటిలో స్త్రీ ఉంటుంది, కర్మగా. నెలకి ఇంత సంపాదించే మనిషి కూడా సాయంత్రం ఆరింటికి కర్మస్థానంలో నిలబడి ఎదురుచూస్తుంది.

ఆమె కర్త అయింది చిన్న బళ్ళ మీద. 1972లో కైనెటిక్ వాళ్ళ లూనా వచ్చింది. 50 సిసి, పెడల్స్ ఉండేవి. 1980లో హోసూరు నుంచి టీవీయస్ 50. 1984లో కైనెటిక్ హోండా గేర్లు తీసేసి, కిక్ బదులు మీట ఇచ్చింది. తొంభైల్లో స్కూటీ, 2001లో యాక్టివా. ఈ వరుసని స్త్రీల విముక్తి చరిత్రగా ప్రకటనలు చెబుతాయి. అందులో నిజం లేదనలేం. కాలేజీకి, ట్యూషన్‌కి, ఉద్యోగానికి ఒక తరం మధ్యతరగతి ఆడపిల్లలు వాటి మీదే వెళ్ళారు. కానీ ఆ ప్రకటనల్లో ఎప్పుడూ లేని ఒక బండి ఉంది. మన పల్లెల్లో, చిన్న ఊళ్ళలో టీవీయస్ ఎక్సెల్. కూరగాయల బుట్టలు, పాల క్యాన్లు, గడ్డి మోపు కట్టుకుని ఆ బండి నడిపే స్త్రీలని రైతుబజారు దగ్గర నిలబడితే చూడొచ్చు. ఏ కంపెనీ వాళ్ళకి గులాబి రంగు వెయ్యలేదు. వాళ్ళు బండి ఎంచుకున్నది బరువు మోస్తుందా, కిస్తీ కట్టగలమా అన్న రెండు లెక్కల మీద. మొదటి బండి ఎంచుకోవడంలో ఇంతకంటే స్పష్టమయిన ఆలోచన నాకు ఏ ప్రకటనలోనూ కనబడలేదు.

చిక్కు గేర్ల దగ్గర వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సుని రెండుగా విడదీసింది: గేర్లు లేని మోటార్ సైకిల్, గేర్లు ఉన్న మోటార్ సైకిల్. 50 సిసి లోపు బండికి పదహారేళ్ళు, ఆపైన పద్దెనిమిది. చట్టంలో ఇక్కడా ఆడా మగా అని లేదు. అయితే నేను లర్నర్స్ లైసెన్సుకి వెళ్ళినప్పుడు ఫారం నింపిపెట్టే మనిషి నన్ను అడక్కుండానే 'గేర్లు లేని' దగ్గర టిక్కు పెట్టాడు. నా వెనక నిలబడ్డ కుర్రాడికి, అడక్కుండానే, రెండోది. 2018లో తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగం చేసే స్త్రీలకి స్కూటర్ ధరలో సగం, 25,000 రూపాయలకి మించకుండా ఇచ్చింది. మంచి పథకమే. కానీ అది గేర్లు మార్చే పని లేని బళ్ళకే.

ఏం పోయింది, గేర్లు లేకపోతే సుఖమేగా అనొచ్చు. ఇంట్లో ఉన్న ఒక్క బండిని గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళో చాలా ఇళ్ళ ముందు నిలబడి ఉండేది స్ప్లెండర్ లాంటి గేర్ల బండి. భర్త జ్వరంతో పడుకున్న రోజున, పిల్లకి అర్ధరాత్రి ఫిట్స్ వచ్చిన రోజున ఆ బండి వాకిట్లోనే ఉంటుంది, ఆమె పక్కింటి అబ్బాయిని లేపుతుంది. క్లచ్ వదలడం రాకపోవడమంటే తన ఇంటి బండి తనది కాకపోవడం. దాన్ని స్వభావం అంటున్నాం, శారీరక బలం అంటున్నాం.

బలం లెక్కే చూద్దాం. స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు. ఆడవాళ్ళ బండి అనిపించుకున్న యాక్టివా దానికంటే అయిదారు కిలోలే తక్కువ. సీటు ఎత్తులో తేడా రెండు సెంటీమీటర్లు. మొదటిసారి మోటార్ సైకిల్ కొనుక్కునే అమ్మాయి చూసుకోవాల్సినవి ఇవే: రెండు పాదాలూ నేలకి ఆనుతున్నాయా, ఆగి ఉన్న బండిని వెనక్కి నెట్టగలనా, క్లచ్ మీట వేళ్ళకి అందుతోందా. పొట్టి కుర్రాడికయినా ఇవే ప్రశ్నలు. బుల్లెట్ 190 కిలోల పైన ఉంటుంది, అది మొదటి బండిగా ఎవరికీ తేలిక కాదు. దాని కంపెనీ పాత నినాదం బండిని తుపాకితో పోల్చింది. 2001లో పల్సర్ అయితే 'కచ్చితంగా మగాడు' అని ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చింది. ఇటువైపు ప్లెజర్ ప్రకటన, సరదా అంతా అబ్బాయిలకేనా అని అమ్మాయిలని రెచ్చగొట్టి, గేర్లు లేని స్కూటర్ దగ్గర వదిలిపెట్టింది. మగతనం, స్త్రీత్వం రెండూ ఎక్స్‌షోరూం ధరకి దొరికేవే అన్నమాట.

2018లో హైదరాబాద్ నుంచి జయభారతి, పియా బహదూర్, మరో ఇద్దరు స్త్రీలు 400 సిసి తరగతి బైకుల మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దాకా దాదాపు 17,000 కిలోమీటర్లు వెళ్ళొచ్చారు. పత్రికలు సాహసం అని రాశాయి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది, జయభారతి 'మోవో' పేరుతో హైదరాబాద్‌లో మామూలు ఆడవాళ్ళకి బండి నేర్పించే పని పెట్టుకోవడం. వియత్నాం అందరూ వెళ్ళరు. రేషన్ షాపుకి అందరూ వెళ్తారు.

ఇప్పుడు గేర్ల గీతే చెరిగిపోయే రోజులు వచ్చాయి. విద్యుత్ మోటార్ సైకిళ్ళలో చాలావాటికి క్లచ్ లేదు, గేర్లు లేవు. చట్టం లెక్కన అవీ స్కూటీ గూటి పక్షులే. 2019లో వచ్చిన రివోల్ట్ ఆర్‌వి 400ని చూస్తే నాకు నవ్వొచ్చింది. పెట్రోలు అక్కర్లేని ఆ బండికి పెట్రోలు ట్యాంకు ఆకారం పెట్టారు. ఇంజను మోత లేదు కాబట్టి స్పీకర్లోంచి మోత వినిపించే ఏర్పాటు చేశారు, నాలుగు రకాల మోతలు, కావలసింది ఎంచుకోవచ్చు.